చావుకీ పెళ్ళికీ ఒకటే నంబరు

ఎక్కడో ఒక కంపెనీ గురించి నాలుగు ముక్కలు చదివి, ఆ కంపెనీ తానే పెట్టినట్టు మాట్లాడే మనిషి ప్రతి స్నేహితుల గుంపులోనూ ఒకడుంటాడు. మా గుంపులో ఆ మనిషిని నేనే. మీ గుంపులో ఎవరా అని ఆలోచిస్తున్నారా? ఎవరూ గుర్తుకు రాకపోతే ఇక అనుమానం లేదు, మీరే. సిగ్గుపడకండి, ఇక్కడ ఉన్నది మీరూ నేనూ మాత్రమే.

నేనుండేది ఒహాయోలో, సిన్సినాటి పక్కనున్న మేసన్‌లో. శనివారం సాయంత్రం ఇక్కడ మనవాళ్ళలో ఎవరి బేస్‌మెంట్‌లోకి దిగినా ఒక మూల పులిహోర, ఒక మూల క్యారమ్స్, నడుమ స్టాక్ మార్కెట్. ఆపిల్ గురించి అందరికీ తెలుసు. టెస్లా గురించి అందరికీ నాకంటే ఎక్కువే తెలుసు. ఎవరూ పేరు వినని కంపెనీ ఒకటి నా దగ్గర ఉంటే తప్ప నా మాట ఎవరూ వినరని అర్థమైపోయింది. వెతగ్గా వెతగ్గా మా ఊళ్ళోనే దొరికింది. సిన్సినాటి నడిబొడ్డున, ఫిఫ్త్ స్ట్రీట్‌లో హెడ్డాఫీసు. పేరు కెమెడ్. 

"ఈ కంపెనీ ఏం వ్యాపారం చేస్తుందో చెప్పుకోండి చూద్దాం" అని ప్లేటు పక్కన పెట్టి అడిగేవాణ్ణి. ఎవరూ చెప్పలేరు. కాసేపు ఊరించి చెప్పేవాణ్ణి. "రెండే పనులు. ఒకటి, మూసుకుపోయిన డ్రైనేజీ పైపులు బాగుచెయ్యడం. రెండోది, ఇక బతకరని డాక్టర్లు తేల్చినవాళ్ళని చివరిదాకా కనిపెట్టుకుని చూసుకోవడం." అందరి చేతులూ నోటి దగ్గర ఆగిపోయేవి. ఆ ఒక్క క్షణం కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణంటే నమ్మండి.

ఇది కట్టుకథ కాదు. పైపుల కంపెనీ పేరు రోటో-రూటర్. 1930ల్లో అయోవా రాష్ట్రంలో శామ్యూల్ బ్లాంక్ అనే ఆయన వాషింగ్ మెషీన్ మోటారు ఒకటి, స్కేటింగ్ బూట్ల చక్రాలు కొన్ని, ఉక్కు తాడు ఒకటి తీసుకుని ఓ యంత్రం చేశాడు. ఆ తాడు పైపులోకి పంపి తిప్పితే, చివరనున్న బ్లేడ్లు పైపులో అల్లుకుపోయిన చెట్ల వేళ్ళని కోసుకుంటూ పోతాయి. అంతకుముందైతే పెరడంతా తవ్వాల్సిందే. పేరు పెట్టింది ఆయన భార్య. దాన్ని 1980లో కెమెడ్ కొనుక్కుంది. కెమెడ్ అసలు డబ్ల్యూ.ఆర్. గ్రేస్ అనే పెద్ద కంపెనీ నుంచి విడివడి వచ్చిన పిల్ల కంపెనీ. పుట్టినప్పుడు దాని ప్రధాన వ్యాపారం శుభ్రం చేసే రసాయనాలు. 1991లో ఆ రసాయనాల వ్యాపారాన్నే అమ్మేసుకుంది. పుట్టింటి నగలు అమ్ముకున్నంత పని.

రెండోది విటాస్. 1978లో మయామీలో ఒక మెథడిస్ట్ పాస్టరు, ఒక నర్సు పూనుకుని మొదలుపెట్టిన హాస్పిస్. అప్పటికి ఈ సేవకి ప్రభుత్వం పైసా ఇచ్చేది కాదు. 1982లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేశాక ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ డబ్బు రావడం మొదలైంది. జబ్బు తన దారిన తాను పోతే మనిషి ఆర్నెల్లకు మించి ఉండడని ఇద్దరు డాక్టర్లు రాసివ్వాలి. అక్కణ్ణించి ఆస్పత్రుల చుట్టూ తిరగడం ఉండదు, నొప్పి తెలియకుండా చూడటమే వైద్యం. మంచం, ఆక్సిజన్, మందులు ఇంటికే వస్తాయి. నర్సు వస్తుంది, స్నానం చేయించే మనిషి వస్తుంది, కావాలంటే పాస్టరూ వస్తాడు. మనిషి పోయాక కూడా ఏడాది పాటు ఇంట్లోవాళ్ళకి ధైర్యం చెప్పే బాధ్యత హాస్పిస్‌దే. దీనికంతటికీ మెడికేర్ రోజు లెక్కన డబ్బిస్తుంది, ఈ మధ్య లెక్కల్లో రోజుకి రెండొందల డాలర్ల పైచిలుకు. అరవై రోజులు దాటితే రేటు తగ్గుతుంది. కెమెడ్ 1991లో ఇందులో కొంత డబ్బు పెట్టి, 2004లో సుమారు 40 కోట్ల డాలర్లకి మొత్తం కొనేసింది.

ఇంతవరకూ నేను చెప్పింది సరిగ్గానే ఉంది. ఇక్కడితో ఆగి పులిహోర తిని ఇంటికి పోతే నాకే నష్టమూ జరిగేది కాదు. కానీ నాలాంటివాడు ఆగడు కదా. ఈ రెంటికీ ఏమిటి సంబంధం అని ఎవరో అమాయకంగా అడిగారు. తెలియదు అనే మాట నా నోటికి అలవాటు లేదు.

"సంబంధం లేకపోవడమేమిటి!" అన్నాను. "రెంటికీ ఫోను అర్ధరాత్రే వస్తుంది. రెండూ ఇంటికొచ్చి చేసే పనులే. బాత్రూంలోంచి మురుగు ఎగదన్నుతుంటే నలుగురి దగ్గరా రేటు కనుక్కుంటూ కూర్చోడు ఎవడూ, అమ్మ మంచంలో మూలుగుతున్నా అంతే. మాంద్యం వచ్చిందని పైపు మూసుకుపోవడం మానదు, మనిషి పోవడమూ మానడు." ఇదీ నిజమే. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ చప్పట్ల ఊపులో నా బుర్ర ఇంకో మెట్టు ఎక్కింది. అందుకే ఈ రెంటినీ ఒకే కప్పు కింద, ఒకే ఆఫీసుతో, ఒకే ఫోనుతో నడిపితే ఖర్చు సగమై లాభం రెట్టింపవుతుందని, కెమెడ్ రహస్యం అదేనని ప్రకటించేశాను. ఎక్కడ చదివానని అడగకండి. ఎక్కడా చదవలేదు. నోరు నడుస్తున్నప్పుడు బుర్ర వెనకబడిపోతే అలా జరుగుతుంది.

2016 నాటి మాట ఇది. ఆ ఏడాది కెమెడ్ షేరు నూట ముప్ఫై, నూట యాభై డాలర్ల చుట్టూ తిరిగేది. నేనో నాలుగు షేర్లు కొనుక్కుని ఊరుకోవాలా? షేర్లు కొనడం మామూలు మనుషులు చేసే పని. రహస్యం తెలిసినవాడు కెమెడ్‌నే పెట్టాలి. ఎక్కడ పెట్టాలి? తెనాలిలో.

తెనాలిలో మా బావమరిదికి టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గాడిపొయ్యిలు, రంగుల లైట్లు, జనరేటరు. నిక్షేపంగా నడుస్తున్న వ్యాపారం. నిక్షేపంగా నడుస్తున్నదాన్ని చూస్తే చెయ్యి దురదపెట్టడం అమెరికా అల్లుళ్ళ జాతి లక్షణం. ఒక రాత్రి వాట్సాప్‌లో ఫోన్ చేశాను.

"ఒరేయ్, మనం డైవర్సిఫై అవుతున్నాం."

"అదేంటి బావా, ఎవరికన్నా ఒంట్లో బాగాలేదా?"

వివరించాను. టెంట్ హౌస్‌కి తోడు ఫ్రీజర్ బాక్స్, వైకుంఠ రథం పెడుతున్నామన్నాను. ఇందులో నా లెక్క నాకుంది. ఇక్కణ్ణించి టికెట్టు దొరికి, విమానం మారి, హైదరాబాద్‌లో దిగి ఊరు చేరేసరికి ఎంత లేదన్నా రెండు రోజులు. ఆ రెండు రోజులూ పెద్దాయన్ని ఎక్కడ పెడతారు? అద్దాల మూతలో మొహం కనబడుతూ, కింద కంప్రెసరు గుర్రుమంటూ ఉండే ఆ పెట్టెలోనే కదా. అంటే దానికి అసలు గిరాకీ మేమే, మా మేసన్ బేస్‌మెంట్లలో క్యారమ్స్ ఆడుకుంటున్న కొడుకులం. ఇది తట్టినప్పుడు మామూలు మనిషికైతే తిన్నది సహించదు. నాకు మాత్రం మార్కెట్ సైజు కనబడింది.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నసిగాడు. "బావా, దినాలకి షామియానా మనమే వేస్తాం, కాదన్ను. కానీ వాటికి పంపే సామాను వేరు. పెళ్ళి కుర్చీలు అక్కడికి పోవు, అక్కడివి పెళ్ళికి రావు. గోడౌన్ కూడా వేరే వీధిలో పెట్టుకున్నాను. జనం ఒప్పుకోరు." 

పదో తరగతి తప్పిన మనిషి, ముప్పై ఏళ్ళ అనుభవంతో, మొత్తం వ్యాపారశాస్త్రాన్ని నాకు ఉచితంగా చెప్పేశాడు. నేనేమన్నానో తెలుసా? "నీకు సినర్జీ అంటే ఏంటో తెలీదురా" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, "వాడికి తెలీకపోవడమే మంచిదండీ" అంది. వినబడనట్టు నటించాను. ఇలాంటప్పుడు మీరూ అంతే కదా.

డబ్బు పంపినవాడి మాట కాదనడానికి మొహమాటం. వాడు ఒప్పుకున్నాడు. ఒకే గోడౌన్, ఒకే టాటా ఏస్, ఒకే నంబరు. దానికి నేను పెట్టిన పేరు కాల్ సెంటర్. అంటే డిగ్రీ చదివే ఒక కుర్రాడు, వాడి చేతిలో ఒక ఫోను. ఏ ఫోనొచ్చినా ముందు ఏం మాట్లాడాలో ఒక కాగితం కూడా రాసి పంపాను. ముందు సానుభూతి చూపాలి, తర్వాత తేదీ అడగాలి, ఎన్ని రోజులకో కనుక్కోవాలి.

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయి. కూతురి పెళ్ళికి షామియానా కోసం ఫోన్ చేసిన ఒక పెద్దమనిషిని మా కుర్రాడు గద్గద స్వరంతో, "అయ్యో, ఎప్పుడు జరిగిందండీ?" అని అడిగాడు. "ఇంకా జరగలేదయ్యా, వచ్చే బుధవారం" అన్నాడాయన. "డాక్టర్లు చెప్పారాండీ?" అన్నాడు మావాడు. ఆయన పంచాంగం చూపించుకుని ముహూర్తం మార్చుకున్నాడని తర్వాత తెలిసింది. టెంట్ హౌస్ కూడా మార్చుకున్నాడని వేరే చెప్పక్కర్లేదు. ఇంకో ఇంట్లో ఏడుస్తూ ఫోన్ చేస్తే, ఈసారైనా పొరబాటు జరక్కూడదని కుర్రాడు హుషారుగా, "శుభం! లైటింగ్ కూడా పెట్టించమంటారా? సన్నాయి మేళం మనవాళ్ళే ఉన్నారు" అన్నాడు. అవతల నుంచి వచ్చిన జవాబు ఇక్కడ రాయడానికి కుదరదు.

ఇవన్నీ మొదట్లో ఉండే ఒడుదొడుకులని ఫోన్లో సర్దిచెప్పాను. బ్రాండింగ్ సరిగా లేదని కనిపెట్టాను. జనానికి నమ్మకం కలగాలంటే వెనకాల ఒక మొహం ఉండాలి. ఎవరి మొహం? చెప్పాలా? స్టూడియోలో సూటు వేసుకుని, చేతులు జోడించి, పళ్ళు కనబడీ కనబడకుండా నవ్వుతూ దిగిన ఫొటో పంపించాను. దాన్ని ఫ్లెక్సీ కొట్టించి బండికి రెండు వైపులా కట్టమన్నాను. "బావా, ఆ బండికి నీ ఫొటో ఎందుకు?" అని వాడు మూడు రకాలుగా అడిగాడు. "నువ్వు కట్టు" అన్నాను.

మా ఆవిడ పెదనాన్న మనవరాలి పెళ్ళికని ఆ నెల్లోనే తెనాలి వెళ్ళాను. పట్టుపంచె, కండువా, ఒంటినిండా సెంటు. కల్యాణ మండపం గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరికీ నేనక్కడ పెట్టిన కంపెనీ గురించి, సిన్సినాటి గురించి, సినర్జీ గురించి చెబుతున్నాను. లోపల కుర్చీలు చాల్లేదు. మావాడు గోడౌన్‌కి ఫోన్ చేశాడు. టాటా ఏస్ గోడౌన్‌లో లేదు, కొల్లిపరలో ఒక ఇంటి దగ్గర ఫ్రీజర్ బాక్స్ ఎక్కించుకుని తిరిగొస్తోంది. డ్రైవరు తెలివైనవాడు, గోడౌన్ దగ్గర ఆగినా పెట్టె దించడమెందుకని, దాని పక్కనే కుర్చీలు కుక్కేసుకుని, నేను చెప్పిన ఖర్చు తగ్గించే సూత్రాన్ని తుచ తప్పకుండా పాటించి, సరాసరి మండపం గేటు దగ్గరికి వచ్చి ఆపాడు. సరిగ్గా అప్పుడే మగపెళ్ళివారి బస్సు వచ్చి దాని వెనకాల ఆగింది. బస్సులోంచి దిగిన ముసలావిడ అద్దాల పెట్టె చూసి కెవ్వుమంది. జనమంతా బండి చుట్టూ మూగారు. బండి పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ, చుట్టూ బంతిపూల అంచు, తల వెనకాల ఫ్లెక్సీవాడు వాడికి అలవాటైన చేత్తో పెట్టిన వెలుగు చక్రం, నడుమ చేతులు జోడించి నవ్వుతూ నేను, పైన వైకుంఠ రథం అని, కింద అమెరికా అని.

మా మామగారి స్నేహితుడు, రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన, కళ్ళజోడు సవరించుకుని ఫొటో చూశారు. చెప్పులు విప్పారు. రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, "చిన్న వయసు, పాపం" అన్నారు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కిళ్ళీ నములుతూ నేనున్నాను. 

ఆయన్ని కూర్చోబెట్టి సోడా తాగించేసరికి లోపల జీలకర్ర-బెల్లం అయిపోయింది. తెనాలి నుంచి గుంటూరుకి, గుంటూరు నుంచి మేసన్‌కి కబురు నాకంటే ముందే చేరింది. ఇక్కడి వాట్సాప్ గ్రూపులో నాకు శ్రద్ధాంజలి ఘటించినవాళ్ళలో నాకు అప్పిచ్చినవాళ్ళూ ఉన్నారు. పాపం, కొంచెం ఎక్కువే బాధపడ్డారు. అన్నిటికంటే నొప్పి కలిగించినది ఏమిటంటే, నా గురించి రాసిన మంచి మాటల్లో ఒక్కరూ వ్యాపారం సంగతి ఎత్తలేదు. పులిహోర బాగా తినేవాడని మాత్రం అందరూ రాశారు.

తిరిగొచ్చాక, మొదటే చెయ్యాల్సిన పని ఒకటి చేశాను. కెమెడ్ సంగతి కుదురుగా కూర్చుని చదివాను. చదువుతున్నకొద్దీ చెవులు కాలిపోయాయి. ఆ రెండు వ్యాపారాలకీ నేననుకున్న సంబంధం ఏ మూలా లేదు. విటాస్‌కి దాని అధిపతి, దాని ఆఫీసు, దాని మనుషులు ఫ్లోరిడాలో. రోటో-రూటర్‌కి దాని అధిపతి, దాని బళ్ళు, దాని ఫోన్లు వేరే. ఒకదాని బండి ఇంకోదాని గుమ్మం తొక్కదు. హాస్పిస్‌లో ఉన్న పెద్దావిడ కూతురికి, మన వంటింటి సింకు బాగుచేసేవాళ్ళూ వీళ్ళూ ఒకే ఇంటివాళ్ళని తెలిసే సందర్భమే రాదు. హెడ్డాఫీసులో ఉండేది కొద్దిమందే, వాళ్ళు చూసేది డబ్బు ఎటు వస్తోంది, ఎటు పోతోంది అన్నదే. 2024లో ఈ రెండూ కలిపి తెచ్చిన ఆదాయం 243 కోట్ల డాలర్లు, అందులో మూడింట రెండొంతులకి కాస్త అటూఇటూ హాస్పిస్‌దే.

ఇంకో సంగతి చదివి అయితే తల పట్టుకున్నాను. 2003లో ఈ కంపెనీ తన పేరే రోటో-రూటర్ అని మార్చుకుంది. ఆ మరుసటేడే విటాస్‌ని మొత్తంగా కొంది. కొన్న ఏడాదే, 2004లోనే, మళ్ళీ కెమెడ్ అయిపోయింది. చివరి ఘడియల్లో ఉన్నవాళ్ళ మంచం పక్కన నిలబడే కంపెనీకి మురుగు పైపుల బోర్డు బాగుండదని తట్టడానికి వాళ్ళకి కొన్ని నెలలు చాలాయి. నాకు మాత్రం అద్దాల పెట్టె బండి మీద నా బొమ్మే వేసుకోవాల్సి వచ్చింది. 

వాళ్ళకీ తిప్పలు లేవని కాదు, తర్వాతి ఏళ్ళల్లోనూ వెతికి మరీ చదివాను. ఎదుటివాడి తిప్పలు చదివితే మనకి కొంచెం ఊరట కదా. చావు దగ్గర పడనివాళ్ళని కూడా చేర్చుకున్నారని, అక్కర్లేని అత్యవసర సేవలకి బిల్లు వేశారని ప్రభుత్వం 2013లో విటాస్ మీద కేసు పెట్టింది. తప్పొప్పులు తేలకుండానే 2017లో ఏడున్నర కోట్ల డాలర్లకి రాజీ అయ్యారు. రోజుకింత అని డబ్బొచ్చే చోట రోజులు పెరిగితే ఎవరికి లాభమో ఆలోచించండి. అందుకే మెడికేర్ ఒక గీత గీసింది, 2025 లెక్కలో ఏడాదికి సగటున ఒక్కో రోగికి ముప్పై నాలుగు వేల చిల్లర డాలర్లు, అది దాటితే దాటిందంతా వెనక్కి కట్టాలి. 2025లో ఫ్లోరిడాలో ఆ గీత అడ్డం తగిలింది. అటు రోటో-రూటర్‌లోనూ వ్యాపారం మందగించింది. షేరు బాగా పడింది. పడిన రోజు నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందో చెబితే నన్ను అసహ్యించుకుంటారు. ఎందుకంటే అంతకుముందు సంవత్సరం, 2024లో, అదే షేరు ఆరొందల డాలర్లు దాటింది. నూట నలభైకి కొనకుండా నేను కొన్నది ఒక ఫ్రీజర్ బాక్స్, ఒక సెకండ్‌హ్యాండ్ టాటా ఏస్, రెండు ఫ్లెక్సీలు. ఈ లెక్క మా ఆవిడకి ఇంతవరకూ తెలియదు. మీరూ చెప్పకండి.

తెనాలిలో మా బావమరిది నేను విమానం ఎక్కిన మర్నాడే అన్నీ విడదీశాడు. ఫ్రీజర్ బాక్స్‌కి వేరే వీధి, వేరే పేరు, వేరే నంబరు. ఫోను ఎత్తడానికి ఒక పెద్ద వయసాయన్ని పెట్టాడు. ఆయన నేను పంపిన కాగితం చూడనైనా చూడలేదు. ఫ్లెక్సీలు మాత్రం పారెయ్యలేదు, గట్టి సరుకట. ఒకటి వాన పడకుండా కుర్చీల మీద కప్పాడు. రెండోది ఎవరో రైతు ధాన్యం రాశి మీదకి అడిగి పట్టుకెళ్ళాడట. పొలంలో పిట్టలు రావడం లేదని కబురు కూడా పంపాడు.

ఆర్నెల్లు తిరక్కుండా రెండు వ్యాపారాలూ కుదుటపడ్డాయి. మొన్న వాడే ఫోన్ చేశాడు.

"బావా, ఇంకో బాక్స్ కొనాలి. గిరాకీకి చాలడం లేదు. డబ్బు పంపగలవా?"

"ఎంతరా? నువ్వేం కంగారుపడకు, దీని మీద నేను ఈ మధ్య ఒకటి చదివాను..."

"డబ్బొక్కటే చాలు బావా."

పంపాను.